గ్లవ్ లోపలి ఎరుపు

రాయికల్ బస్టాండులో పొద్దున్నే జగిత్యాల బస్సు కోసం నిలబడే నర్సింగ్ పిల్లలను ఇట్టే గుర్తుపట్టొచ్చు. మడతపెట్టిన తెల్లకోటు సంచిలో, జుట్టు ముడికి నల్ల నెట్టు. వాళ్ల అమ్మల వేళ్లు నేనెరిగినవే. బీడీలు చుట్టి చుట్టి కాయలు కాసినవి. బిడ్డల వేళ్లకేమో సూది గండం.

ఆ గండం నాకు చదువుకునే రోజుల్లోనే తగిలింది. ఏ ఆసుపత్రో చెప్పను. ఇంజక్షన్ ఇచ్చేదాకా చెయ్యి వణకలేదు. ఇచ్చాక, అలవాటుగా క్యాప్ తొడగబోతే సూది పక్కకు జారి బొటనవేలిలో దిగింది. గ్లవ్ లోపల మిరపగింజంత ఎరుపు. రోగం సంగతి తర్వాత, ముందు తట్టింది ‘సిస్టర్ చూసిందా?’ అనే. కుళాయి కింద వేలు పిండుకున్నాను. పిండొద్దు, సబ్బుతో కడగాలి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే! మూడు రోజులు నోరు విప్పలేదు.

హెచ్‌ఐవీ అంటకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 28 రోజులు మింగాలి. నేను దాచుకున్నది సరిగ్గా ఆ 72 గంటలూ. పిల్లలంతా హెచ్‌ఐవీకే భయపడతారు గానీ, హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకున్న వెయ్యిమందిలో సోకేది సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో వందకు 30 మంది దాకా. 0, 1, 6 నెలల మూడు డోసులూ వార్డు గడప తొక్కకముందే పడాలని నేను పోరేది అందుకే.

2021లో సిరిసిల్లకు నర్సింగ్ కాలేజీ వచ్చింది. 2022లో జగిత్యాలకు, మరుసటి ఏడు సిరిసిల్లకు మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషమే. కాలేజీలే కాదు, వాడిన సూదులు తెల్లడబ్బాలో వేయాలని 2016 నిబంధనలూ ఉన్నాయి. జాగ్రత్త సామగ్రీ, ఆ మందూ ఇచ్చే బాధ్యత ఆసుపత్రిదేనని 2017 హెచ్‌ఐవీ చట్టం చెప్పింది. నేనడిగేది చిన్న మాట: ఆ డబ్బా ఎక్కడుంది? మంచం దగ్గర సూది తీసి, జనాన్ని తప్పించుకుంటూ వార్డు చివరిదాకా నడవమంటే ఏ పిల్లయినా క్యాప్ తొడుగుతుంది. డబ్బా ట్రే పక్కనే ఉంటే సగం తిట్లు తప్పుతాయి.

ఈమధ్య కోరుట్ల వైపు అమ్మాయి ఒకతి చెయ్యి వెనక్కి పెట్టుకొని వచ్చింది.

“ఏం గాలే మేడం.”

‘క్యాప్ ఎందుకు పెట్టినవ్’ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

“ఎన్నింటికి గుచ్చుకున్నది బిడ్డా?”

గోడ గడియారం చూసింది. “పది దాటినంక.”

పదకొండు కావస్తోంది. ఇద్దరం క్యాజువాలిటీ వైపు నడిచాం. సగం దూరం పోయాక మెల్లగా అడిగింది: “మా ఇంట్ల చెప్తరా మేడం?”