క్యాసెట్టా, డిస్కా?

పోయిన సెలవుల్లో మదురైలో మా మేనత్త ఇంటికి పోయి, డీవీడీలో ‘మాయాబజార్’ చూసినాను. కోయంబత్తూరులో మా ఇంట్లో అదే సినిమా క్యాసెట్‌లో ఉంది. ఒకే సినిమాను రెండు విధాలుగా చూసినందువల్ల, ఇంటికి ఏ యంత్రం మేలో రాయాలనిపించింది.

బొమ్మ విషయంలో డీవీడీదే గెలుపు. 1976లో జేవీసీ సంస్థ తెచ్చిన వీహెచ్ఎస్‌లో సుమారు 240 గీతల వివరమే నిలుస్తుంది. 1996లో జపానులో వచ్చిన డీవీడీలో అది రెండింతలు. మా క్యాసెట్‌లో ఘటోత్కచుడి నగలన్నీ మసక ముద్దగా ఉండేవి. డిస్కులో ఎస్.వి. రంగారావు కనుబొమ్మ కదలడం కూడా కనబడింది. వీసీఆర్‌లో తిరిగే హెడ్ టేపును ఒరుసుకుంటుంది గనుక చూసేకొద్దీ టేపు అరుగుతుంది. డిస్కును తాకేది లేజరు వెలుగు మాత్రమే. రివైండ్ పని లేదు. పైగా మా క్యాసెట్ మూడు గంటలది. సినిమా అంతకన్నా కొంచెం పెద్దది. టీవీలో నుంచి ఎత్తినప్పుడు ప్రకటనలూ చేరి, చివర తెగిపోయింది. ఆ సినిమా ముగింపు నేను మదురైలోనే మొదటిసారి చూసినాను!

అయితే మామూలు డీవీడీ ప్లేయరుకు చూపడమే వచ్చు, రికార్డు చేయడం రాదు. వీసీఆర్‌కు రెండూ వచ్చు. మా పేటలో తెలుగు సినిమా ఆడేది అరుదు. టీవీలో ఎప్పుడో వచ్చినదాన్ని పట్టి దాచి, పదిసార్లు చూపింది వీసీఆరే.

కానీ ఆ గుణమే దాని దోషం కూడా. మా చిన్నాన్న పెళ్ళి క్యాసెట్‌లో అవ్వ పాట ఒకటి ఉండేది. అది సినిమా తెలుగు కాదు. నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ మన ఇళ్ళల్లో నిలిచిన తెలుగు. నేను ఆరో తరగతిలో ఖాళీ క్యాసెట్ అనుకొని దాని మీద క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసినాను. ఇప్పుడు రెండో చరణం మధ్యలో పాట ఆగి, మైదానంలో జనం కేకలు వినబడతాయి. అవ్వ ఇప్పుడు లేదు. మదురై అత్తను అడిగితే మూడో చరణం చెప్పింది, నోటుబుక్కులో రాసుకున్నాను. కడపటి చరణం ఎవరికీ తెలియదు.

అందుకే నా తీర్పు ఇది. చూడడానికి డీవీడీ కొనండి. కానీ పాత వీసీఆర్‌ను అప్పుడే పాత సామాన్ల వాడికి వేయకండి. ముందు ఇంటి క్యాసెట్లను డిస్కులకు ఎక్కించుకోండి. వానకాలం చెమ్మకు టేపుకు బూజు పడుతుంది. డీవీడీ-ఆర్ డిస్కులో ఒకసారి రాసినదాని మీద మళ్ళీ రాయడం కుదరదు. నాలాంటి పిల్లలున్న ఇంటికి అదే మంచిది.

అంతవరకు ఒక పని చేయండి. క్యాసెట్‌కు పేరు చీటీ అంటించే అంచులో చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఈ రోజే ఇంటికి పోయి విరిచేయండి.