వీరగల్లు: విగ్రహవాక్యవిచారము

పలమనేరు, పుంగనూరు ప్రాంతములందలి వీరగల్లులను శాసనపరిశోధకులు మిక్కిలి శ్రద్ధతోఁ జదివిరి. బాణ, వైదుంబ, నొళంబుల పోరులు పెక్కు లట్టి రాళ్లవలననే తెలిసినవి. అయిన నక్షరములను గైకొని బొమ్మను విడుచుట వాడుకయైనది.

'వీరునియొక్క కల్లు' అని షష్ఠీతత్పురుషముగా గ్రహించుటయే దీనికి మూలము. (కల్లు శబ్దము తెలుఁగున వడగల్లు, సన్నెకల్లు పదములందు నిలిచియే యున్నది.) శిల్పము వేఱుగాఁ బలుకుచున్నది. అంతస్తులుగాఁ జెక్కిన రాళ్లయందు క్రింద పోరాడు యోధుఁడు, నడుమ వానిని గొనిపోవు నచ్చరలు, పైని శివలింగసన్నిధి. గ్రామములందుఁ బసుపుకుంకుమ లందుకొనునది యా రాయియే. కావున నభేదాన్వయమున 'వీరుఁడగు కల్లు' అను కర్మధారయమే యుచితము.

దేశాంతరమునను దీనికి సాక్ష్యము గలదు. పసిఫిక్ మహాసముద్రమునందలి రాపానుయి ద్వీపవాసులు తమ పూర్వుల శిలామూర్తులగు మోఆయిలను 'సజీవముఖము' లందురు. 1868లో ఆంగ్లనౌక 'టోపాజ్' కొనిపోయిన మూర్తి యొకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది. 2018లో ద్వీపప్రతినిధు లచ్చటికిఁ బోయి తమ పూర్వుని దమకిమ్మని వేఁడిరి. రాతికి వెల గట్టువారి కా మాట యర్థము కాదు.

మోఆయిలకు లేని శాసనాక్షరములు మన వీరగల్లులలోఁ బెక్కింటికిఁ గలవు. అక్షరపాఠమును మాత్రమే ముద్రించుట విశేష్యమును విడిచి విశేషణమును జదువుటయే. ఇఁక ముద్రించువారు బొమ్మ వర్ణనమును, రాయి నిలిచిన తావును, అది చూచు దిక్కును గూడఁ జేర్పవలెను.