నాజర్ సాహెబు ప్రయోగం

నటుడు కథలోంచి బయటికి వచ్చి ప్రేక్షకులతో మాట్లాడితే, ఈనాటి ప్రదర్శనశాలల్లో దానిని కొత్త ప్రయోగమంటున్నారు. గుణదల నుంచి కృష్ణ దాటితే గుంటూరు జిల్లా పొన్నెకల్లు. అక్కడ 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథలో ఆ పని ఎన్నడో జరిగింది. తంబురా పట్టి పల్నాటి వీరుడై గర్జించిన మనిషే మరుక్షణం మనతో మామూలుగా మాట్లాడేవారు. వంతలలో ఒకరు హాస్యం, ఒకరు వర్తమాన రాజకీయం అందుకునేవారు. వెనుక బొమ్మల తెర అక్కరలేదు, మాటే రూపం కడుతుంది. తస్వీరుపై ఉలమా చర్చ తెలిసినవారు ఇక్కడ కాస్త ఆగాలి. (సంగీతమంటారా, సమా విషయంలో ఏకాభిప్రాయం ఎన్నడుండెను?) మనం ఆయన 1986 పద్మశ్రీని చెప్పుకుంటాం, కళను మాత్రం తప్పించుకుంటాం. ప్రజానాట్యమండలిలో ఉన్నందుకా, దూదేకుల ఇంట పుట్టినందుకా? రెండవదైతే దానికి ఫిఖహ్ పేరు పెట్టరాదు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'.