పది అంకెలు లెక్కపెట్టేలోగా

"మామ్మా, వయసెంత నీకు?"

మంచం మీది మనిషి కాసేపు ఆలోచిస్తుంది. కుడిచెయ్యి పక్కన వాలిపోయింది, మూతి ఎడమవైపుకు లాగేసింది. "దివిసీమ ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో ఉన్నాడు నాయనా," అంటుంది, మాట కొంచెం ముద్దగా. పక్కనున్న కొడుకు అందుకోబోతాడు: "డెబ్భై దాకా ఉంటాయి సార్..." డ్యూటీ డాక్టర్ చేత్తోనే వారిస్తాడు. ఇది ఏ నెల అన్న రెండో ప్రశ్నకు ఆమె తడుముకోకుండా "ఆషాఢం పోయి శ్రావణం పడింది" అంటుంది. డాక్టర్ ఓసారి గోడమీది క్యాలెండర్ వంక చూసి, నెల సరే అనుకుంటాడు. వయసు మాత్రం తప్పు. కాగితం మీద ఒక మార్కు పడుతుంది.

కోస్తా జిల్లాల్లోని ఏ క్యాజువాలిటీలోనైనా జరగగల సంగతి ఇది. ఇక్కడ పడే మార్కు బడిలో వేసే మార్కు లాంటిది కాదు. ఎన్ని ఎక్కువ పడితే జబ్బు అంత తీవ్రం. సున్నా అంటే పరీక్షలో లోపమేదీ కనపడలేదని, 42 అంటే ఇక కూడడానికి ఏమీ మిగల్లేదని.

ఈ కొలతను అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పేరు మీద ఎన్‌.ఐ.హెచ్‌. స్ట్రోక్ స్కేల్ అంటారు. సిన్సినాటికి చెందిన థామస్ బ్రాట్, ఆయన సహచరులు 1989లో దీన్ని ప్రచురించారు. అసలు అవసరం రోజువారీ వైద్యం కాదు, పరిశోధన. పక్షవాతానికి కొత్త మందు ఇచ్చి చూసినప్పుడు రోగి కోలుకున్నాడా లేదా అన్నది ఊరూరా డాక్టర్లు తలా ఒక మాటలో చెబితే కుదరదు. "చాలా నయం", "పర్వాలేదు", "అలాగే ఉంది" అన్న మాటలను కూడికలు వేయలేం కదా. రక్తపు గడ్డను కరిగించే మందును 624 మంది మీద పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించినప్పుడు వాడిన కొలతల్లో ఈ స్కేలూ ఒకటి. మరుసటి ఏడాది అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. దాని వెంటే స్కేలు కూడా పరిశోధకుల చేతుల్లోంచి నర్సుల చేతుల్లోకి, ఆసుపత్రి గుమ్మాల్లోకి నడిచొచ్చింది.

చూడటానికి తేలికే. పిన్నీసు ఒకటి, బొమ్మల కాగితం ఒకటి, డాక్టర్ చేతివేళ్లు. పది నిమిషాల్లోపు అయిపోతుంది. కష్టమంతా వేరేచోట ఉంది. రోగి చేసింది రాయాలి తప్ప చేయగలడని మనం అనుకున్నది రాయకూడదు. మొదటి జవాబే లెక్క. సైగతోనైనా సాయం చేయకూడదు. వయసు ఒక్క ఏడాది అటూ ఇటూ చెప్పినా దగ్గరికి వచ్చాడు కదా అని సగం మార్కు తగ్గించకూడదు. వరస తప్పకూడదు, వెనక్కి వెళ్లి దిద్దకూడదు. డాక్టర్లంటే అందించి, ఊతమిచ్చి, మెచ్చుకుని పని చేయించే జాతి. ఆ అలవాటును పది నిమిషాలపాటు జేబులో పెట్టుకోవడమే ఈ విద్యలో సగం. మనవడికి మాట అందించే తాతయ్యను నోరు మూసుకు కూర్చోమన్నట్టు ఉంటుంది.

చేతి పరీక్ష దగ్గర ఈ నిగ్రహం స్పష్టంగా కనిపిస్తుంది. పడుకున్న రోగి చేతిని 45 డిగ్రీలు పైకెత్తించి, అరచెయ్యి కిందికి తిప్పించి, పది సెకన్లు అలాగే ఉంచమంటారు. ముందు బాగున్న చెయ్యి, తర్వాత బలహీనమైనది. "ఒకటి... రెండు... మూడు..." డాక్టర్ పైకే లెక్కపెడతాడు. పదిదాకా నిలిస్తే సున్నా. నెమ్మదిగా జారినా పరుపును తాకకపోతే ఒకటి. కొంత పోరాడి పరుపు మీద పడిపోతే రెండు. ఎత్తి వదలగానే దభీమని పడితే మూడు. అసలు కదలకపోతే నాలుగు. ఒకటికీ రెండుకూ నడుమ ఉన్నదల్లా జానెడు గాలి. ఆ జానెడులో చెయ్యి వణుకుతూ దిగుతుంటే చుట్టూ నిలబడ్డ బంధువులు ఊపిరి బిగబడతారు. ఎవరో ఒకరు కింద చెయ్యి పెట్టబోతారు కూడా. కాలికి అయిదే సెకన్లు, 30 డిగ్రీలు.

నాలుక దగ్గరికి వచ్చేసరికి స్కేలు తన పుట్టినూరును దాచుకోలేదు. ఇంగ్లిష్ మూలంలో రోగి చేత పలికించే మాటల్లో 'హకిల్‌బెరీ' ఉంది, 'బేస్‌బాల్ ప్లేయర్' ఉంది. పేర్లు చెప్పమని చూపే బొమ్మల్లో కుర్చీ, ఈక, తాళంచెవి సరే, చేతికి తొడుక్కునే గ్లవ్, చెట్ల మధ్య కట్టే ఉయ్యాల కూడా ఉన్నాయి. వాటిలోని నాగజెముడును మన పల్లెటూరి మనిషి డాక్టర్ కంటే ముందే గుర్తుపడతాడనుకోండి. చాలా ఏళ్లుగా వాడిన మరో బొమ్మలో అమెరికన్ వంటిల్లు. పిల్లవాడు ఒరిగిపోతున్న స్టూలెక్కి డబ్బాలోంచి బిస్కట్లు కాజేస్తుంటాడు, తల్లి గిన్నె తుడుస్తూ పరధ్యానంగా ఉంటుంది, వెనక తొట్టిలోంచి నీళ్లు పొర్లుతుంటాయి. ఇది బోస్టన్‌లో భాషాలోపాల పరీక్ష కోసం తయారైన బొమ్మ. నీళ్ల కుళాయి ఎవరైనా కట్టేయండి అని ఓ రోగి విసుక్కుంటే ఆ విసుగుకు సున్నా వేసేయవచ్చు. బొమ్మ మొత్తం అర్థమైనట్టే.

పలికించే మాటల వెనకున్న కిటుకు మాత్రం ఏ భాషకైనా ఒకటే. పెదవులు, నాలుక, గొంతు మూడూ పనిచేస్తున్నాయా అన్నదే ప్రశ్న. ఈ కాలమిస్టు సరదాకు ఓ జాబితా వేసుకున్నాడు. పెదవులకు పప్పు, నాలుకకు టెంకాయ, గొంతుకు గుగ్గిళ్లు. శాస్త్రీయంగా నిగ్గు తేల్చకుండా ఇలాంటివి వాడకూడదని అతనికి తెలుసు. కానీ ఆ ఇంగ్లిష్ మూలంలోని 'ఫిఫ్టీ ఫిఫ్టీ' అన్న మాటను ఆరోగ్యంగా ఉన్నప్పుడూ 'పిప్టీ' అనే మనిషికి, పక్షవాతం వచ్చిన రోజున ఆ 'ప' మీద మార్కు వేయడం కూడా శాస్త్రం కాదు.

ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ల సంగతి ఇంకా చిత్రం. ఇంట్లో తెలుగో ఉర్దూనో, బజారులో హిందీ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే హైదరాబాద్ మనిషిని ఏ భాషలో ప్రశ్నించాలి? సువర్ణ అల్లాడి బృందం ఇదే ఊళ్లోని నిమ్స్‌లో స్ట్రోక్ వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఒక సంగతి బయటపెట్టింది. స్ట్రోక్ తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్లు ఒకే భాష తెలిసినవాళ్లలో 19.6 శాతమైతే, రెండు అంతకు మించి తెలిసినవాళ్లలో 40.5 శాతం. మాట పడిపోవడం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు ఒకే స్థాయిలో ఉంది. భాషలు తెలివిని కాచినా నోటిని కాయలేకపోయాయి.

స్కేలుకు మరో పక్షపాతం ఉంది, అది పుట్టినూరుది కాదు, మెదడుది. 42 మార్కుల్లో ఏడు భాషతో ముడిపడినవి. ఎక్కువమందిలో భాష మెదడు ఎడమభాగంలో ఉంటుంది. కుడిభాగం దెబ్బతింటే కనిపించే వింత, తన ఎడమవైపు లోకాన్నే పట్టించుకోకపోవడం, దానికి దక్కేవి రెండే మార్కులు. అందుకే ఒకే పరిమాణంలో దెబ్బ తగిలినా కుడివైపు రోగికి తక్కువ అంకె పడుతుంది. పైగా ఆ రోగుల్లో కొందరికి చెయ్యి పడిపోయిందనే తెలియదు, చెబితే ఒప్పుకోరు. పారిస్ డాక్టర్ జోసెఫ్ బాబిన్‌స్కీ 1914లోనే ఈ స్థితికి పేరు పెట్టాడు. "నాకేం కాలేదు, ఇంటికి పోదాం పదండి" అనే పెద్దాయన అంకె చూసి ఊరట పడే కుటుంబానికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

చిన్నమెదడులో స్ట్రోక్ అయితే మరీ మోసం. పరీక్షంతా మంచం మీదే సాగుతుంది, నడిపించి చూడమని స్కేలు అడగదు. కళ్లు తిరిగి, వాంతులై, లేచి నిలబడలేని మనిషికి కూడా సున్నా రావచ్చు. చేయి తిరిగిన డాక్టర్లు అంకె రాశాక "ఏదీ, ఒక్కసారి కూర్చోండి" అంటారు. ఆ మాట ఫారంలో ఎక్కడా ఉండదు.

ఇన్ని లోపాలున్నా ఎందుకు వదలరంటే, ఇంతగా వాడుకలో పాతుకుపోయిన మరో కొలత లేదు గనుక. లోపల గడ్డకట్టిందా, రక్తం చిమ్మిందా అన్నది స్కేలు చెప్పలేదు, దానికి సి.టి. స్కాన్ కావాలి. షుగర్ మరీ పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది గనుక వేలికి సూది గుచ్చి అదీ చూడాలి. కానీ స్కాన్ తలలో ఏముందో చూపిస్తుంది, మనిషికి ఏం పోయిందో చూపించదు. గడ్డ కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. పెద్ద నాళం మూసుకుపోతే గొట్టం పంపి గడ్డను లాగేయవచ్చని 2015లో వరుసగా వచ్చిన అధ్యయనాలు తేల్చాక, అమెరికా మార్గదర్శకాలు ఆ చికిత్సకు ఎంచే రోగుల్లో ఆరు, అంతకు మించిన అంకెను ఒక గుర్తుగా పెట్టాయి. చికిత్స జరగని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. మూతి వంకరపోయిన మనిషిని ముందు పసరుమందుకు తీసుకెళ్లిన ఇంటివాళ్లకు ఆ లెక్క ఎదుట నిలబడి చెప్పడం క్యాజువాలిటీలో అన్నిటికంటే కష్టమైన పని.

మన మామ్మ గంటన్నరలోనే ఆసుపత్రికి చేరిందనుకుందాం. ముఖానికి రెండు, చేతికి రెండు, కాలికి ఒకటి, ముద్దమాటకు ఒకటి, వయసు చెప్పనందుకు ఒకటి. మొత్తం ఏడు. స్కాన్‌లో రక్తం లేదు, మందు ఎక్కించారు. మర్నాడు మరో డాక్టర్ వచ్చి మొదటినుంచీ మళ్లీ చేశాడు. కాలు నిలిచింది. మాట తేటపడింది. కుడిచెయ్యి ఎత్తి ఉంచి తనే అతనితోపాటు పదిదాకా లెక్కపెట్టింది. నవ్వమంటే మూతి ఇంకా కొంచెం లాగుతోంది. "వయసెంత మామ్మా?" అన్నాడు.

"నిన్న ఆ అబ్బాయికి చెప్పానుగా, ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో..."

డాక్టర్ రాసుకున్నాడు: రెండు. ఒకటి ముఖానికి, ఒకటి ఉప్పెనకు.