అలసిన శిల

పెరూ దేశంలో కుస్కో నగరానికి ఎగువనున్న సక్సయ్‌వమాన్ ప్రాకారంలో వంద టన్నులకు మించిన రాళ్లున్నవి. వాటిని సున్నం లేకుండనే ఒకదానికొకటి అతికినారు. కట్టిన ఇంకా జాతీయులకు ఇనుప పనిముట్లు లేవు, చక్రపు బండి లేదు. అట్టి గోడ ముందు నిలిచినవానికి మానవాతీతశక్తులు స్ఫురించుట సహజం. ఆ ఊహలను వినకముందే త్రోసివేయుట విమర్శ కాదు. విన్నంతనే నమ్ముటయు కాదు. ఏ కథ దేనిని చూపుచున్నది, దేనిని దాచుచున్నది అని అడుగుటే విమర్శ.

ఈ ప్రశ్నకు తగిన గ్రంథం ఇంకా గార్సిలాసో దె లా వేగా 1609లో లిస్బన్‌లో ప్రకటించిన ఇంకా రాజుల చరిత్ర. అతడు 1539లో కుస్కోలో పుట్టినాడు. తల్లి ఇంకా రాజవంశపు స్త్రీ, తండ్రి స్పానిష్ సేనాని. ఆ కోట మనుష్యులు కట్టినది కాదు, మాయచే భూతాలు కట్టినదేమో అని తోచునని అతడు సంకోచం లేక వ్రాసినాడు. అక్కడనే ఆగినచో అది కేవలం బాటసారి విస్మయం. కాని అతడు 'అలసిన శిల' కథ కూడ చెప్పినాడు. దూరం నుండి తెచ్చిన మహాశిల యొకటి కోట చేరకముందే అలసి, నెత్తురు కన్నీరు కార్చి, నిలిచిపోయినదట. ఇరువదివేలమంది దానిని త్రాళ్లతో లాగిరట; ఏటవాలులో పట్టు తప్పి అది మూడు నాలుగు వేలమందిని చంపినదట. అంకెలలో అతిశయోక్తి ఉండవచ్చును. కాని శిల కార్చిన నెత్తురు ఆ జనులు ఏడ్చిన నెత్తురే అని అతడిచ్చిన వివరణలో అతిశయోక్తి లేదు.

ఇచట అద్భుతం కరుణకు దారి ఇచ్చినది. రాతికి ప్రాణం పోసిన కల్పన, ఆ రాతి క్రింద ప్రాణం విడిచినవారిని మరువనీయలేదు.

1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ ప్రకటించిన జర్మన్ గ్రంథం సక్సయ్‌వమాన్‌ను కూడ స్మరించి, ప్రాచీన నిర్మాణాల వెనుక గ్రహాంతరవాసులను ఊహించినది. అందులో విస్మయం ఉన్నది, నెత్తురు లేదు. ఆకాశం నుండి దిగినవానికి అలసట ఉండదు గదా! 1980 దశకంలో ప్రోట్జెన్ అను వాస్తుపండితుడు గట్టి గుండ్రాళ్లనే సుత్తులుగా పట్టి ఇంకా పద్ధతిలో రాయి చెక్కి చూపినాడు. అతడు పరిశీలించిన ఒయాంతాయ్‌తాంబోలో, గనికీ కట్టడానికీ నడుమ త్రోవలో మిగిలిపోయిన బండలకు నేటికీ 'అలసిన రాళ్లు' అనియే పేరు.

పాబ్లో నెరూడా 1943లో మచ్చుపిచ్చు శిథిలాలను చూచి, 1945లో పన్నెండు ఖండికల కావ్యం వ్రాసినాడు. ఆ శిఖరం అతనిని కూడ ముగ్ధుని చేసినది. అయినను రాయి మీద రాయి నిలిచిన చోట మనిషి ఎక్కడ ఉండెనని అడిగి, మృతశ్రామికులను తన గొంతుతో పలుకుమని పిలిచినాడు. గార్సిలాసో గ్రంథానికీ ఈ కావ్యానికీ నడుమ మూడు శతాబ్దాలకు పైగా ఎడమున్నది. ప్రశ్న మాత్రం ఒకటే.

రహస్యాన్ని గౌరవించుట రచయితకు తగినదే. అయితే ఆ గౌరవం రాతిని మోసిన భుజం వరకు పోవలెను. అంతవరకు పోని విస్మయం ఎంత విశాలమైనదిగా కనిపించినను ఇరుకైనదే.