రెండో పరుగు కోసం మొదటి పరుగు

బడి ఆటల పోటీల్లో అందరి కళ్లూ వంద మీటర్ల మీదే ఉంటాయి. ఈలలు, చప్పట్లు, ఫొటోలు అన్నీ దానికే. ఎండెక్కాక పదిహేను వందల మీటర్ల పరుగు మొదలయ్యేసరికి షామియానా కింద సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. పొద్దున ఎనిమిది వందలు పరుగెత్తిన పిల్లే మళ్లీ గీత దగ్గరికొచ్చి నిలబడిందని, రేపటి మూడు వేలకి కూడా పేరిచ్చిందని గమనించేది ఆమె డ్రిల్లు మాస్టారు ఒక్కరే.

ఒకే మీట్‌లో రెండు మూడు దూరప్పరుగులకు దిగడం మన బడులకు పాత అలవాటు. కోస్తాలో గ్రిగ్స్ బడి పోటీలు ఎరిగిన తరానికీ ఇది తెలుసు, ఇవాళ స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు వెళ్తున్న పిల్లలకూ తెలుసు. మన దగ్గర దీన్ని చాలాసార్లు మొండితనంతో నెట్టుకొస్తాం. నిజానికి ఇదొక విద్య. ఉన్న సత్తువను లెక్కగా ఖర్చుపెట్టడం ఇందులో మొదటి పాఠం. రెండో పరుగును మనసులో పెట్టుకుని మొదటి పరుగు పరుగెత్తడం నేర్చినవాళ్లకే ఇది పట్టుబడుతుంది.

నెల్లిమర్లకు తెలిసిన లెక్క

ఈ లెక్క విజయనగరం జిల్లా నెల్లిమర్లకు కొత్త కాదు. వందేళ్ల నాటి జూట్ మిల్లు, చంపావతి నది, రామతీర్థం గుడితో పేరు తెచ్చుకున్న ఈ ప్రాంతంలోనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరిగా అది దేశమంతటికీ తెలుసు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో పట్టుబడడంతో సంతోషికి రజతం దక్కింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ ఒకటి, క్లీన్ అండ్ జెర్క్ ఒకటి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు. రెండింటిలో ఎత్తిన మేటి బరువులు కలిపితేనే ఫలితం. స్నాచ్‌లోనే ఒళ్లంతా ఊడ్చిపెట్టుకున్నవారు జెర్క్‌లో బార్ ముందు చేతులెత్తేస్తారు. ఒకే పూట రెండు పరీక్షలకు బలాన్ని పంచుకోవడం ఎలాగో కొండవెలగాడ పిల్లలు చిన్నప్పుడే చూస్తారు. మైదానంలో రెండు పరుగులకు పేరిచ్చిన పిల్లలకూ కావలసింది ఆ తెలివిడే.

ఉత్తరాంధ్రలో దూరప్పరుగు నేర్వడానికి ఒక బలమైన కారణం కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారుజామున రోడ్ల వెంట పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. ఆర్మీ భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు వాళ్ల గురి. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు వచ్చే పరుగది. బడిలో 1500 మీటర్లు పద్ధతిగా నేర్చుకున్నవాళ్లకు ఈ దూరం సగం గెలిచినట్టే. బూట్లు కొనలేని ఇంటి పిల్లలకు కూడా తలుపు తీసి ఉంచే ఆట ఇది.

మూడు పరుగులు, మూడు లయలు

బడి పోటీల్లో అండర్-14 పిల్లలకు 600 మీటర్లే పెద్ద దూరం. అండర్-17కి వచ్చేసరికి 800, 1500, 3000 మీటర్లు ముందుంటాయి. బయటికి మూడూ ఒకటిలాగే కనిపిస్తాయి. ఒంటికి మాత్రం మూడూ వేరు. 800 మీటర్లలో సుమారు మూడింట రెండు వంతుల శక్తి ఊపిరితో పీల్చిన ఆక్సిజన్ వల్ల వస్తుంది. మిగతాది కండరాలు అప్పటికప్పుడు ఆక్సిజన్ లేకుండా పుట్టించుకునే శక్తి. పరుగు చివర్లో కాళ్లు బరువెక్కి బిగుసుకుపోయేది దాని మూలంగానే. 1500లో ఊపిరి వాటా ఎనభై శాతం దాకా, 3000లో తొంభై శాతం దాకా పెరుగుతుంది.

మన బడి మైదానాల్లో చాలావాటిలో సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాకే ఉంటుంది. దాని మీద 800 అంటే నాలుగు రౌండ్లు, 1500 అంటే ఏడున్నర, 3000 అంటే పదిహేను. 800ని 2 నిమిషాల 20 సెకన్లలో ముగించాలంటే రౌండు 35 సెకన్లు పడాలి. 1500ని 5 నిమిషాల్లో ముగించాలంటే 40 సెకన్లు. 3000ని 11 నిమిషాల్లో ముగించాలంటే 44 సెకన్లు. ఈ 35, 40, 44 మధ్య తేడాను కాళ్లకు నేర్పడమే అసలు సాధన. పొద్దున 800 పరుగెత్తిన పిల్లవాడి కాళ్లలో 35 సెకన్ల లయ ఇంకా మోగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం 1500లో మొదటి రౌండు తనకు తెలియకుండానే 36లో కొట్టేస్తాడు. ఐదో రౌండుకు దవడలు బిగుస్తాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, వెనకనుంచి ఒక్కొక్కరే దాటిపోతారు. ఒకటో తారీకు జీతం మొదటి వారంలోనే ఊడ్చేసిన ఇంటి పరిస్థితే అతనిదీ.

అందుకే అనుభవమున్న మాస్టార్లు గీత దగ్గర నిలబడి ప్రతి రౌండు టైమూ గట్టిగా అరిచి చెబుతారు. కొన్ని నెలల సాధన తర్వాత పిల్లలకు గడియారం లేకుండానే తమ రౌండు ఎంతలో పడిందో తెలుస్తుంది. ఆ ఎరుక వచ్చినవాళ్లే రెండో ఈవెంట్‌కు సిద్ధమైనట్టు.

మొదటి పరుగులో పొదుపు

పొదుపు ట్రాక్ లోపలి గీత దగ్గర మొదలవుతుంది. గీతకు ఒక మీటరు బయటగా పరుగెత్తితే ప్రతి రౌండుకూ ఆరు మీటర్ల పైచిలుకు అదనంగా పరుగెత్తినట్టే. ట్రాక్ పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదు. కాబట్టి చిన్న ట్రాక్ మీద నష్టం రెట్టింపు. 400 మీటర్ల ట్రాక్ మీద 3000లో 47 మీటర్లు పోతే, 200 మీటర్ల ట్రాక్ మీద 90 మీటర్లకు పైగా పోతాయి. మలుపులో పక్కవాళ్లను దాటాలని ఉబలాటపడకుండా లోపలే ఉండి, నేరుగా ఉన్న చోట దాటడం నేర్పాలి.

రెండోది, ఫైనల్‌కు ముందు జరిగే హీట్స్‌లో టైము కోసం కాక స్థానం కోసం పరుగెత్తడం. ఫైనల్‌కు మొదటి ముగ్గురిని తీసుకుంటారంటే మూడోవాడిగా, తేలిక ఊపిరితో వచ్చినా చాలు. ముందున్నవారి భుజం వెనక ఉండి గాలిని వాళ్లనే చీల్చనివ్వాలి. చివరి వంద మీటర్లలో వెనక ఎవరూ తరమడం లేదని తెలిస్తే వేగం తగ్గించుకోవాలి. చప్పట్లు వింటూ కాళ్లను ఆపుకోవడం పదిహేనేళ్ల పిల్లలకు చాలా కష్టం. అది నేర్పగలిగిన మాస్టారు గొప్పవారు.

రెండు పరుగుల నడిమి గంట

మీట్ గెలిచేదీ ఓడేదీ చాలాసార్లు ఈ విరామంలోనే. గీత దాటగానే నేలమీద కూలబడితే కాళ్లు పట్టేస్తాయి. పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు కలిపి సాగితే కండరాల్లో పేరుకున్న లాక్టేట్ త్వరగా తగ్గుతుంది. తర్వాత చెమట బనియన్ మార్చుకుని చెట్టు నీడకు చేరాలి. మన తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తడిగుడ్డతో మెడ, ముఖం తుడుచుకోవడం, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం గుక్క గుక్కగా తాగడం మంచి మందు.

తిండి అరగంటలోపే కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. అరటిపండు, పల్చటి చోడంబలి, కాస్త మజ్జిగన్నం పిల్లల కడుపుకు అలవాటైనవే. పోటీ రోజున కొత్త తిండి పెట్టకూడదు. గెలిచాడన్న సంబరంలో బజ్జీలు, కూల్‌డ్రింకులు కొనిపెడితే రెండో పరుగులో డొక్కలో పోటు ఖాయం. రెండోసారి వార్మప్ మొదటిదానిలో సగం చాలు. కాస్త నెమ్మది పరుగు, రెండు మూడు చిన్న చురుకైన పరుగులు, అంతే.

ఇక రెండో పరుగులో మొదటి రౌండు అందరికన్నా వెనకున్నా భయపడకూడదు. అలసిన ఒళ్లు లయ అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. సగం దూరం దాటాక ఒక్కొక్కరినే పట్టుకుంటూ వెళ్లాలి, మిగిలినదంతా చివరి 300 మీటర్లలో పెట్టాలి.

దీనికి సాధన ఇంటి దగ్గరే జరగాలి. మీట్‌కు ముందు వారాల్లో వారానికి ఒక్కసారి 800 గట్టిగా పరుగెత్తి, ముప్పావు గంట ఆగి, 1500ని పోటీ లయలో పరుగెత్తితే ఒంటికి ఆ అలసట పరిచయమవుతుంది. అంతకు మించితే ఎదిగే ఎముకలకు చేటు. సిమెంటు రోడ్డు కన్నా మట్టిబాట మేలు.

పెద్దల బాట

ఈ విద్యకు పెద్ద గురువులున్నారు. ఫిన్లాండ్‌కు చెందిన పావో నుర్మి 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లు గెలిచి, అదే రోజు 5000 మీటర్లూ గెలిచాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని లయ తప్పకుండా పరుగెత్తే అలవాటు ఆయనది. మన హరిచంద్ 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 5000, 10000 రెండింటిలోనూ స్వర్ణాలు తెచ్చాడు. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పారుల్ చౌదరి ఒకరోజు 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం గెలిచి, మర్నాడే 5000లో చివరి మీటర్లలో జపాన్ క్రీడాకారిణిని దాటి స్వర్ణం గెలిచింది. అవే క్రీడల్లో మన తెలుగమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో ఆరు ఈవెంట్ల అలసట మోస్తూ, ఏడోదైన 800 మీటర్లను బలంగా పరుగెత్తి కాంస్యం అందుకుంది. వీళ్లంతా శక్తి దాచుకోవడం, సమయానికి బయటికి తీయడం నేర్చినవాళ్లు.

ఎక్కడ ఆపాలి

ఇండివిడ్యువల్ ఛాంపియన్‌షిప్ కప్పు కోసం ఒక పిల్లను ఒకే రోజు మూడు దూరప్పరుగులకూ దించడం తప్పు. ఒకే రోజు పోటీలైతే రెండు చాలు. 1500, 3000 జంట ఓర్పు ఎక్కువున్న పిల్లలకు, 800, 1500 జంట వేగమున్న పిల్లలకు సరిపోతుంది. మూడూ పరుగెత్తాలంటే మీట్ కనీసం రెండు రోజులుండాలి. మాటలు తడబడినా, కళ్లు తిరిగినా, చెమట ఆగి ఒళ్లు కాలుతున్నా అక్కడికక్కడే ఆపి నీడకు చేర్చి ఒంటిమీద నీళ్లు పోసి డాక్టర్‌ను పిలవాలి. తరచూ నీరసపడే ఆడపిల్లలకు రక్తపరీక్ష చేయించాలి, రక్తహీనతతో దూరప్పరుగు పనికిరాదు.

ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం 800 మీటర్లలో హీట్స్, ఫైనల్ వంటి రెండు దశల మధ్య వీలైనంతవరకు 90 నిమిషాలు విరామం ఇవ్వాలి. 1000 మీటర్లు దాటిన ఈవెంట్లలో రెండు దశలు ఒకే రోజు పెట్టకూడదు. ఇది ఒకే ఈవెంట్‌కు వర్తించే రక్షణ. రెండు వేర్వేరు ఈవెంట్లలో దిగిన పిల్లలను కాపాడవలసింది షెడ్యూల్ రాసేవాళ్లే.

అందుకని మండల, జిల్లా పోటీలు నడిపే పెద్దలకు ఒక మనవి. దూరప్పరుగుల మధ్య కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. వాటిని ఎండెక్కకముందు గానీ, ఎండ తగ్గాక గానీ జరపండి. షెడ్యూల్‌ను వారం ముందే బడులకు పంపండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండో పరుగులో నాలుగో స్థానంలో వచ్చినా లయ తప్పకుండా ముగించిందంటే, మొదటి పరుగులో తెచ్చిన పతకానికి ఇచ్చిన మర్యాదే దానికీ ఇవ్వండి. ఆ పిల్ల ఆరోజు మైదానంలో అందరికన్నా ఎక్కువ నేర్చుకుంది.