చేతికి అమరే పిస్టల్

ముండ్లమూరులో పిస్టల్ అన్న మాట వినపడగానే ఎవరైనా మొదట అడిగేది, "లైసెన్సుందా?" అని. ఆ వెంటనే, "ఎంతయింది?" అని. నా జవాబులు వాళ్లకు అంతగా రుచించవు. నేను పట్టుకునేది గాలి పిస్టల్. పది మీటర్ల అవతల కాగితం మీదున్న నల్ల చుక్కను కొట్టడానికే తప్ప మరెందుకూ కొరగాదు. కంది చేలో పడ్డ పందుల్ని తోలడానికి కూడా పనికిరాదు. మా వైపు తుపాకీ ఊసు ఎక్కువగా ఆ పందుల దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తుంటాను.

గుండు పేలే పిస్టలే కావాలని పట్టుబట్టేవాళ్లకు లెక్క వేరు. 1959 ఆయుధాల చట్టం కింద కలెక్టరు లైసెన్సు ఇవ్వాలి. దానికి ముందు పోలీసు విచారణ ఉంటుంది. ప్రాణభయం ఉందని ఒప్పించాలి. ఎన్నికలొస్తే తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించాలి. ఆడవాళ్ల కోసమని కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే చిన్న రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, పాయింట్ 32 క్యాలిబర్. అప్పట్లోనే దాని ధర 1,22,360 రూపాయలు. తూటాలు కూడా లైసెన్సు మీద రాసినన్నే కొనాలి, అవి కాల్చి సాధన చేసే స్తోమత ఎంతమందికుంటుంది? కొన్నవాళ్లలో చాలామంది బీరువాలో పెట్టి తాళం వేస్తారు. డబ్బుకు కటకటగా ఉన్న మనిషి మొదటి పిస్టల్‌గా దాన్ని కొనడం నాకెప్పుడూ తెలివైన పనిగా కనపడలేదు. గురి నేర్పని తుపాకీ ఎంత చవకైనా ఖరీదైనదే.

గాలి పిస్టల్‌కి ఆ బాధ లేదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడేది ఈ 4.5 రకమే. 2018లో పదమూడేళ్ల హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ జాతీయ ఛాంపియన్ అయిందీ, 2024లో పారిస్‌లో మను భాకర్ కంచు పతకాలు తెచ్చిందీ ఈ గాలి పిస్టల్‌తోనే.

ఆ పారిస్ పతకాల తర్వాతే మా వీధి రైతొకాయన వచ్చాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. టీవీలో చూసినప్పటి నుంచి అన్నం తింటున్నా, పడుకున్నా అదే ధ్యాసట.

"ఎంతలో వస్తది మాస్టారూ?"

"పోటీలకు చేసిన కొత్తదైతే లక్షన్నర పైమాటే. అన్నీ బయటి దేశాల నుంచి రావాలి. మొరీనీ, స్టెయర్, వాల్తర్, పార్డీనీ, ఏదైనా అంతే."

"ఈ ఏడు పొగాకు చూస్తిరిగదా. అంత యాడ తెచ్చేది? బజార్లో నాలుగైదు వేలకు కూడా ఉన్నయ్యంటగా?"

ఉన్నాయి. గొట్టం మధ్యకు విరిచి స్ప్రింగును బిగించే రకం. వద్దన్నాను. ట్రిగ్గర్ లాగగానే లోపల స్ప్రింగు దబ్బున ముందుకు దూకి పిస్టల్‌నంతా కుదిపేస్తుంది. నెల తిరిగేసరికి ఆ కుదుపు కోసం చెయ్యి ముందే బిగుసుకోవడం నేర్చుకుంటుంది. ఆ బెదురు వదిలించడం కోచ్‌లకు పెద్ద తలనొప్పి. పైగా పెల్లెట్ లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ లాగి సాధన చేద్దామంటే స్ప్రింగు పాడవుతుంది. మొదటి ఏడాది సాధనలో సగం ఆ ఉత్త లాగుడేనాయె.

"అయితే ముందేం కొనాల?"

"ఏమీ కొనొద్దు."

ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు. కానీ సలహా అడిగిన ప్రతివాళ్లకీ నేను చెప్పేది అదే. చేతిలో ఉన్న నాలుగు రూపాయలతో ముందు పట్నం వెళ్లండి, రేంజిలో గంటకింతని కట్టి అక్కడి పిస్టళ్లు పట్టుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో చేతికి సరిపోతుంది. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. గ్రిప్‌ని సరిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాచి పైకెత్తాలి. కళ్లు తెరిచేసరికి ముందున్న మొన వెనకున్న గాడి నడిమధ్య నిలబడి ఉంటే అది మీ పిస్టల్. పక్కకు ఒరిగితే మణికట్టు తిప్పి సరిచేయాలనిపిస్తుంది. అరవై గుండ్ల పోటీలో అరవై సార్లు అలా తిప్పుతూ కూర్చుంటే చివరి ఇరవైకి చెయ్యి మొరాయిస్తుంది.

గ్రిప్పుకు వేరే కొలతలుంటాయని కొత్తవాళ్లకు తెలియదు. చిన్నది, మధ్యరకం, పెద్దది, కుడిచేతిది, ఎడమచేతిది. వాల్‌నట్ చెక్కతో చేస్తారు. అరచేతి కింద ఆసరాగా ఉండే మెట్టు పైకీ కిందకీ జరుగుతుంది. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఆకురాయితో అరగదీస్తాం, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఎం-సీల్ ముద్ద పెట్టి, అది తడిగా ఉండగానే గట్టిగా పట్టుకుని వేళ్ల అచ్చు దింపుతాం. నా గ్రిప్ చూస్తే గోడకు మాసికలేసినట్టుంటుంది. బొటనవేలి మొదట్లో వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా గుండు తొమ్మిదిలోంచి ఎనిమిదిలోకి జారుతుంది. పది గీసిన వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, అంటే పెద్ద శనగగింజంత. పది మీటర్ల నుంచి ఒంటిచేత్తో, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని దాన్ని కొట్టాలి. చెయ్యి ఊగుతుంది, ఎవరికైనా ఊగుతుంది. 2024 డిసెంబరులో మా మండలంలో రోజూ భూమి కంపించిన ఆ మూడు రోజులూ నాకు పదులు పడకపోవడానికి మంచి సాకు దొరికింది.

ఇల్లు కదలకుండా నేర్చుకునేదీ బోలెడుంది. లీటరు నీళ్ల సీసాని భుజం ఎత్తున చాచి పట్టుకోమన్నాను ఆ పిల్లని. పిస్టల్ బరువూ ఇంచుమించు అంతే. పైసా ఖర్చు లేదు. రెండు వారాలకే విసుగొచ్చి మానేస్తే వాళ్ల నాన్నకు లక్ష రూపాయలు మిగిలినట్టే కదా అని లోపల అనుకున్నాను. మానలేదు.

ఇక కొనక తప్పలేదు. తక్కువలో రావాలంటే వాడినదే. పోటీలు ఆడేవాళ్లు కొత్త మోడల్ తీసుకుని పాతది అమ్మేస్తుంటారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది మెరుగు కాదు, గొట్టం కిందున్న గాలి సిలిండరు. దాని మీద తయారైన సంవత్సరం చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటిందంటే ఆ పిస్టల్‌తో పాటు కొత్త సిలిండరు కూడా కొంటున్నట్టు లెక్క, ఆ మేరకు బేరం దించాలి. సాయంత్రం 200 బార్ దాకా గాలి నింపి వదిలేసి, తెల్లారి ముల్లు చూడాలి. పడిపోయి ఉంటే రబ్బరు వలయాలు పోయినట్టు. అవి చవకే, కానీ మార్చే మనిషి ఒంగోలు దాటినా దొరుకుతాడన్న నమ్మకం లేదు.

ట్రిగ్గర్ బరువు అరకిలోకి తగ్గకూడదన్నది పోటీ నియమం. గొట్టం ఆకాశం వైపు నిలబెట్టి, ట్రిగ్గర్‌కి అరకిలో తగిలించి పైకెత్తితే పేలకూడదు. మేము ఆ పరీక్షకు కిరాణా కొట్టు నుంచి అరకిలో గుండు అడిగి తెచ్చాం. కొట్టాయన, "బంగారం తూస్తున్నారా?" అన్నాడు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది, నిజమే. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి, బాగుచేయించేలోగా విలువైన నిమిషాలు పోయి, ఫైనల్ చేజారింది. అంతటి జట్టు వెంట ఉన్న మనిషికే అలా జరిగితే, దర్శి దాటి బస్సెక్కాల్సిన మనకు మామూలు మీటల ట్రిగ్గరే నయం. ఎవరి దగ్గరైనా రష్యాలో చేసిన పాత ఐజెడ్‌హెచ్-46 కనపడినా వదలొద్దంటాను. సిలిండరే లేదు దానికి, ప్రతి గుండుకీ కిందున్న మీటతో గాలి కొట్టుకోవాలి. చెయ్యి పడిపోతుంది గానీ గురి మాత్రం ఖరీదైనవాటికి తీసిపోదు.

పారిస్‌లో ఒక చెయ్యి జేబులో పెట్టి మామూలు కళ్లద్దాలతో వెండి కొట్టిన టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ బొమ్మ చూపించి, సామాన్లేమీ అక్కర్లేదు చూడండి అంటుంటారు. ఆయన చేతిలో ఉన్నది పోటీలకు చేసిన పిస్టలే. మానేసింది తక్కిన హంగుల్ని. చవకగా మొదలుపెట్టేవాళ్లు కూడా అదే వరస పట్టాలి. ప్రత్యేకమైన బూట్లు, కంటికి కట్టే అడ్డు పట్టీలు, సూట్‌కేసులాంటి పెట్టె, అన్నీ తర్వాత. పెల్లెట్లకు మాత్రం డబ్బు తీసి పెట్టుకోవాలి. డబ్బాలో ఐదువందలుంటాయి. రోజుకు అరవై కాలిస్తే ఎనిమిది రోజులకు అడుగు కనపడుతుంది. సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పొగాకు బ్యారన్ పక్కనున్న పొడవాటి వసారాలో తండ్రి పది మీటర్లు కొలిచి గీత గీశాడు. టార్గెట్ అంటించడానికి మార్కాపురం నుంచి తెచ్చిన పెద్ద పలక ఒకటి నిలబెట్టబోతే ఆపాను. రాయికి తగిలిన పెల్లెట్ తిరిగి మన మొహం మీదికే వస్తుంది. చెక్కపెట్టెలో పాత గోనెలు, చీరలు గట్టిగా కుక్కి దాని ముందు కాగితం పెట్టాలి, కంటికి అద్దాలుండాలి, గీతకు అవతల మనిషి గానీ కోడి గానీ ఉండకూడదు.

చివరికి దొరికింది పాతదే, మామూలు ట్రిగ్గర్‌ది, సిలిండరుకు ఇంకా నాలుగేళ్లు గడువుంది. ఒక్కటే చిక్కు: పిల్లది ఎడమచేతి వాటం, గ్రిప్ కుడిచేతిది. ఆ వంకతో ధర కొంచెం దించి, మిగిలిన డబ్బుతో ఎడమచేతి గ్రిప్‌కి ఆర్డరిచ్చాం. రసీదు మీద పిస్టల్ నెంబరు, అమ్మినాయన సంతకం రాయించుకుని, దాన్ని జిరాక్సు తీయించి పెట్టెలో ఒకటి, పర్సులో ఒకటి ఉంచమన్నాను. బస్సులో కండక్టరు పెట్టె మూత తీయమంటే, ఇది గాలి పిస్టల్, లైసెన్సు అక్కర్లేదు అని పదిమందిలో వివరించాల్సింది ఆ పిల్లే మరి.